రెండో కాగితం

ప్రియమైన ఏమండీగారికి,

మీరు పడవెక్కి వెళ్లిన వారానికే పోటు నీళ్లు మళ్లీ పెరటి గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చాయి. వచ్చినంత మర్యాదగానే వెళ్లిపోయాయి కానీ గోడమీద ఉప్పు చార వదిలాయి. పోయినసారి చార గ్యాస్ బండ మొదట్లో ఉండేది, ఇప్పుడు బండ నడుం దాకా వచ్చింది. అత్తయ్య తన ట్రంకుపెట్టెను బల్లమీదికి ఎక్కించమన్నారు. ఎక్కించాను. "పనిలో పని నన్ను కూడా ఎక్కించెయ్యి" అన్నారు. ఆవిడ సంగతి మీకు తెలిసిందే.

ఫోనులో చెబుదామంటే ఆ నడిసముద్రంలో మీ రేడియో గదిలో మీ వెనక జనం వరసకట్టి వింటూ ఉంటారాయె. అందుకే ఉత్తరం. ఇక్కడా వినేవాళ్లు లేకపోలేదు. అత్తయ్య కళ్లలో పొర ముదిరింది. మీ ఉత్తరం రాగానే నేను పైకి చదవాలి, ఆవిడ వినాలి. నేను ఎక్కడైనా ఆగితే "ఏదో మింగేశావు, కక్కు" అంటారు. కాబట్టి ఒక ఏర్పాటు చేసుకుందాం. అత్తయ్య వినదగ్గవన్నీ మొదటి కాగితం మీద రాయండి. నాకొక్కదానికే చెప్పాలనుకున్నవి రెండో కాగితం మీద రాయండి. అది మడిచి దాచుకుంటాను.

అసలు కబురు ఇంకా చెప్పనేలేదు. నాకు ఉద్యోగం దొరికింది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే సర్వే పని. ఎండలు ముదరడం గురించి, సముద్రం పెరగడం గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలట. ఎవరు చేయిస్తున్నారంటే "ఒక సంస్థ" అన్నారు, అంతే. మా సూపర్‌వైజరు నిమిషం అటూ ఇటూ కాని మనిషి. ఆయనకి టైమ్‌టేబుల్ అని పేరు పెట్టేశాను. ఆయన చెప్పిన నియమం ఒక్కటే. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి, వివరించకూడదు, తల ఊపకూడదు.

కార్డులు రెండు రకాలు. తెల్ల కార్డులో సూటిగా ప్రశ్న: "బొగ్గు, చమురు కాల్చడం వల్ల భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోందని మీరు నమ్ముతున్నారా?" పసుపు కార్డులో అదే ప్రశ్న, కానీ ముందు రెండు వాక్యాలుంటాయి: "ఈ విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. సముద్రం ఎప్పుడూ పెరుగుతూ తగ్గుతూనే ఉంటుంది." తడబడకూడదని గిన్నెలు తోముతూ పైకి వల్లిస్తున్నాను. "బడిలో ఇంత బుద్ధిగా చదివుంటే ఈపాటికి గిన్నెలు తోమడానికి మనిషిని పెట్టేదానివి" అని అత్తయ్య మెచ్చుకున్నారు.

సెలవు ఎప్పుడో రాయండి. సర్వేలో ఎవరినీ రెండోసారి అడగకూడదు కానీ మిమ్మల్ని అడగొచ్చు.

మీ ఇల్లాలు

* * *

ప్రియమైన ప్రశ్నలమ్మకు,

నీ ఉత్తరం కూరగాయల పడవలో వచ్చింది. విప్పితే ఉల్లిపాయల వాసన. మా క్రేను నడిపే తాత "మీ ఆవిడ వంటింట్లోంచే రాసినట్టుంది" అన్నాడు.

అమ్మకి ముందుగా చేదు కబురు చెప్పెయ్యి. సెలవు రద్దయింది. నా ఒక్కడిదే కాదు, వెల్డర్లందరిదీ. మా ప్లాట్‌ఫాం కాళ్లు పొడిగిస్తున్నారు. అమ్మా, నీకు తెలిసేలా చెబుతాను. సముద్రం మధ్యలో ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన, చమురు తోడే మేడ మాది. ఆ మేడని జాకీలతో పైకి లేపి, కాళ్లు కోసి, మధ్యలో కొత్త గొట్టం ముక్కలు పెట్టి అతికిస్తున్నాం. పిల్లాడికి పొట్టయిపోయిన లాగుకి నువ్వు అంచు వేసేదానివి చూడు, అలాగ. మనిషి నిలువుకి మించి ఎత్తు పెరుగుతుంది. ఎందుకని నేనడగలేదు. అడిగే ఉద్యోగం మీ కోడలిది, అతికించే ఉద్యోగం నాది.

కళ్లలో మందు వేయించుకో. మీ కోడలిని వేళకి తిననివ్వు.

మీ అబ్బాయి

రెండో కాగితం

ఏమోయ్, ఇది నీకు. ఇక్కడ ఏ పని చేస్తున్నా చివరికి నీ మాటే గుర్తొస్తుంది. వెల్డింగు అద్దం వెనక నవ్వుకుంటే ఎవరికీ కనపడదు, అదొక్కటే సుఖం.

ఈ కాళ్ల పని పూర్తయితే నన్ను పర్మనెంటు చేస్తామంటున్నారు. ఇన్నేళ్ల కాంట్రాక్టు బతుకు తర్వాత ఆ మాట వింటే కడుపు నిండిపోయింది. అప్పుడు ఆ కరకట్ట వీధి వదిలేసి మెరక మీద ఇల్లు చూసుకుందాం. అమ్మకి ఇప్పుడే చెప్పకు. పెరడు వదిలి రానని గోల పెడుతుంది.

నీ ఏమండీ

* * *

ప్రియమైన ఏమండీగారికి,

మొదటి కాగితం చదివాను. లాగు అంచు దగ్గర అత్తయ్య నవ్వారు, సెలవు దగ్గర మొహం ముడుచుకున్నారు. "ఆ మేడకి కాళ్లు పొడిగించకపోతే ఏం మునిగిందిట? నా కొడుకు సెలవు ఎందుకు పోయిందో నాకు తెలియాలి. కనుక్కుని రాయమను" అన్నారు. కాబట్టి అడిగే ఉద్యోగం ఇప్పుడు మీక్కూడా వచ్చింది. రెండో కాగితం బీరువాలో చీరల కింద ఉంది. దాని గురించి ఇంకేమీ రాయను.

నా పని మొదట్లో బ్రహ్మాండంగా సాగింది. తెల్ల కార్డు చదివిన ఇళ్లలో చాలామంది "అంత పొగ వదిలితే వేడెక్కదూ?" అన్నారు. పసుపు కార్డు చదివిన ఇళ్లలో మాత్రం, అవే గోడలు, అదే ఉప్పు చార, "ఏమోనమ్మా, చదువుకున్నవాళ్లే తేల్చుకోలేకపోతే మనమెంత?" అన్నారు. రెండు వాక్యాలకి ఇంత బలం ఉంటుందని నాకు తెలియదు. టైమ్‌టేబుల్ గారు ఆ జవాబులు చూసి మురిసిపోయి ఇక అందరికీ పసుపు కార్డే చదవమన్నారు, మన వీధితో సహా. "మీరు చదివితే నమ్మబుద్ధేస్తుందమ్మా" అన్నారు. నేనూ పొంగిపోయాను, దాచడమెందుకు.

ఇంతలో కరకట్ట సంగతి వచ్చింది. కట్ట ఎత్తు పెంచడానికి ఊరి ఆఫీసు ఒప్పుకుంది. ఎత్తు పెరగాలంటే అడుగున వెడల్పు కావాలి కదా, అందుకని కట్టనానుకున్న ప్రతి ఇల్లూ పెరడు వదులుకోవాలి. వీధి సంఘంలో సగానికి మించి చేతులెత్తితేనే పని మొదలవుతుంది. లేకపోతే ఆ మట్టి, ఆ రాయి వేరే వీధికి పోతాయి. మళ్లీ మన వంతు ఎప్పటికో.

పక్కింటి టైలరు గారు చెయ్యెత్తుతారనే అనుకున్నాను. ఆయన మిషను ఆపకుండానే "శాస్త్రవేత్తల మధ్యే ఇంకా ఏకాభిప్రాయం లేదమ్మా. సముద్రం ఎప్పుడూ పెరుగుతూ తగ్గుతూనే ఉంటుంది. దానికోసం నా నిమ్మచెట్టు కొట్టించుకోనా?" అన్నారు. "ఆ సంగతి మీకెవరు చెప్పారండీ?" అన్నాను. "ఒకరు చెప్పేదేమిటి, అందరికీ తెలిసిందేగా" అన్నారు. ఆయన గుమ్మంలో నిలబడి నేనే చదివానని ఆయనకి గుర్తు లేదు. మాట మాత్రం మిగిలిపోయింది.

ఇంటికొస్తే అత్తయ్యదీ అదే పాట. పెరడు ఇవ్వనంటున్నారు, బట్టలుతికే రాయి పక్కన తన కుర్చీ కదపనంటున్నారు. ఎందుకంటే శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు కాబట్టి. ఆవిడకైతే గిన్నెలు తోముతూ మరీ నేర్పాను. నాకు భయంగా ఉందండీ. ఏదో చేశానని తెలుస్తోంది, ఏం చేశానో తెలియడం లేదు.

మీ ఇల్లాలు

* * *

ప్రియమైన ప్రశ్నలమ్మకు,

అమ్మ అడగమందని మా ఇంజనీరుని అడిగాను. మంచి కుర్రాడు. బల్ల మీద టీ ఒలికితే ఆ తడిలోనే వేలితో గీసి చూపించాడు. ఈ మేడ కట్టినప్పుడు ఎంత పెద్ద అలైనా కింది అంతస్తుకి తగలకుండా ఎత్తు లెక్కేశారట. ఇప్పుడు భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతోంది, తుఫాను అలలు ఆ కింది అంతస్తు డెక్కుని అందుకుంటున్నాయి, ఇంకా కొన్ని పదుల ఏళ్లు ఇక్కడ చమురు తోడాలంటే మేడని ఎత్తక తప్పదన్నాడు. "అంత ఖాయమా?" అన్నాను. "ఖాయం కాకపోతే ఇంత ఇనుము తెచ్చి సముద్రంలో పోస్తారా?" అన్నాడు. కాబట్టి అమ్మా, నా సెలవుని తిన్నది సముద్రమే.

ఒక నవ్వొచ్చే సంగతి. భోజనాల హాలు టీవీలో మా కంపెనీ కొత్త ప్రకటన వస్తోంది. నీలంగా సముద్రం, ఒడ్డున పరుగెత్తే ఒక పాప, వెనక నుంచి ఎవరో పెద్దమనిషి గొంతు. ఆ గొంతు చదివేవి నీ పసుపు కార్డులోని రెండు వాక్యాలే, పొల్లు పోకుండా. చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయనకంటే నువ్వే బాగా చదువుతావు.

మీ అబ్బాయి

రెండో కాగితం

మొదటి కాగితం పొద్దున రాశాను. ఇప్పుడే అందరినీ నిలబెట్టి చెప్పారు. కాళ్లు ఎందుకు పొడిగిస్తున్నామో ఒడ్డున ఎవరికీ, ఇంట్లో కూడా చెప్పకూడదట. చెప్పినవాడు ఉద్యోగం వదిలి తర్వాతి పడవెక్కాలట. కాగితం తిరగరాసే వ్యవధి లేదు, పడవవాడు సంచీ కట్టేస్తున్నాడు. అమ్మకి చదివేటప్పుడు ఆ ఇంజనీరు ముక్క, టీవీ ముక్క దాటెయ్యి. నీ పుణ్యం ఉంటుంది.

నీ ఏమండీ

* * *

ఏమండీ,

ప్రియమైన అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. మీమీద కోపం కాదు.

దాటెయ్యమని రెండో కాగితం మీద రాస్తే ఎలాగండీ? మొదటిది పైకి చదివాకే కదా నేను రెండోది విప్పేది! మన ఏర్పాటే అది. అత్తయ్య ఎదురుగా కూర్చుని అంతా విన్నారు. ఇంజనీరు ముక్క రెండుసార్లు చదివించుకున్నారు కూడా. ఆ తర్వాత నేను వెనక గదిలోకి వెళ్లి రెండోది విప్పాను. బయటికొచ్చి "ఆ మాట మర్చిపోండి అత్తయ్యా, ఎవరితోనూ అనకండి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను కాపురానికొచ్చాక ఇదే మొదటిసారి.

మీకు నవ్వొచ్చిందా? నాకు ఒళ్లు మండిపోతోంది. నాకు పసుపు కార్డు ఇచ్చిందీ, మీకు వెల్డింగు రాడ్డు ఇచ్చిందీ ఒక్కరే. మీకు నిజం చెప్పి కాళ్లు అతికించుకుంటున్నారు. నాకు అనుమానం ఇచ్చి గుమ్మం గుమ్మానా పంచిపెట్టమన్నారు. ఏ వాక్యం బాగా పనిచేస్తుందో మా చేత పరీక్ష చేయించి, పనిచేసింది కాబట్టి టీవీలో పెట్టారు. తమ మేడకి మాత్రం ఏ అనుమానమూ లేదు. మన వంటిల్లు మాత్రం పెద్దవాళ్లు తేల్చేదాకా తడుస్తూ ఉండాలి.

మళ్లీ ఆదివారం సంఘం కూర్చుంటుంది. పసుపు కార్డు ఎక్కడిదో చెబుతాను, అది నా తప్పు, నేనే దిద్దుకోవాలి. కానీ అదొక్కటే చాలదు. మీ మేడ సంగతి చెబితేనే టైలరు గారి మిషను ఆగుతుంది. చెప్పమంటారా? మీరు ఒప్పుకుంటే తప్ప నోరు విప్పను. ఒప్పుకోండి.

మీ ఇల్లాలు

* * *

ప్రియమైన నీకు,

వద్దు.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. నువ్వన్నది తప్పని అనడం లేదు. కానీ నాతోపాటు ఇక్కడ ఇంతమంది ఉన్నారు, ఒకడు నోరు జారితే అందరి మీదా పడుతుంది. పర్మనెంటు కాగితం పై ఆఫీసు దాకా వెళ్లిందట. అది వస్తే మనం మెరక మీదికి వెళ్లిపోతాం. మనకి కట్ట ఎత్తు ఎంతుంటే ఏం?

ఇంకో మాట. రెండు వాక్యాలు విన్నందుకే వాళ్లు పెరడు ఇవ్వనంటున్నారని నువ్వు కుమిలిపోకు. పెరడు ఇవ్వడం ఎవరికిష్టం? ఏదో ఒక వంక కావాలి, అది నీ కార్డు ఇచ్చింది. అంతే.

ఇది మొదటి కాగితమో రెండోదో నాకే తెలియడం లేదు. అమ్మకి చదవకు.

నీ ఏమండీ

* * *

ఏమండీ,

సంఘం కూర్చుంది. మీరు వద్దన్నారు, నేను చెప్పలేదు. ముందు ఆ మాట తెలుసుకుని మిగతాది చదవండి.

సంఘం షెడ్డు నిండిపోయింది. ప్రెసిడెంటు గారు చేతులెత్తమనే ముందు లేచాను. కార్డు లేకుండా అంతమంది ముందు మాట్లాడటం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. "మీ గుమ్మాల్లో నేను చదివిన ఆ రెండు వాక్యాలు ఒక చమురు కంపెనీ రాయించినవి. మిమ్మల్ని అనుమానంలో పెట్టడానికే రాయించారు" అన్నాను. టైలరు గారు లేచారు. "మరి అంత నమ్మకంగా చదివావేంటమ్మా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. మీ మేడ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి కూర్చున్నాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు.

"ఇక చేతులెత్తండి" అన్నారు ప్రెసిడెంటు గారు. అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. అత్తయ్య లేచారు. కర్ర నా చేతిలో పెట్టారు.

"నా కొడుకు సముద్రంలో ఇనుప మేడకి కాళ్లు పొడిగిస్తున్నాడు. సముద్రం పెరుగుతుందని ఆ కంపెనీయే పొడిగిస్తోంది. ఈ అమ్మాయి చేత ఆ రెండు ముక్కలు చదివించిందీ వాళ్లే. వాళ్లకి అంత అనుమానమే ఉంటే పని ఆపేసి నా కొడుకుని సెలవుకి పంపేవాళ్లు కాదూ? నా పెరడు నేనిస్తున్నా. ఆ ఉతికే రాయి కూడా పట్టుకుపోండి" అన్నారు.

వెనక నుంచి ఎవరో "ఇది ఏ రంగు కార్డండోయ్?" అన్నారు. కొందరు నవ్వారు. అత్తయ్య కళ్లకి వాళ్లెవరో కనపడలేదు, నవ్వు మాత్రం వినపడింది. మెల్లగా కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు మంచివారే. "పెద్దావిడ మాట కాదనలేం, ఒక్క మాట మీద అందరి పెరళ్లూ తీసుకోలేం. అబ్బాయి తన నోటితో చెబితే అప్పుడు చేతులెత్తుదాం" అని వాయిదా వేశారు. ఎక్కువ రోజులు ఆగలేరు. మట్టి లారీల్ని వేరే వీధివాళ్లు అడుగుతున్నారు.

దారిలో అత్తయ్యని అడిగాను, ఎవరితోనూ అనొద్దన్నాను కదా అని. "మర్చిపోమంటే మర్చిపోయి, చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికి నేనేమన్నా సర్వే చేస్తున్నానా?" అన్నారు. కాస్త దూరం నడిచాక "వాడి ఉద్యోగం పోతుందా?" అని అడిగారు. పోవచ్చన్నాను. మిగతా దారంతా నా చెయ్యి గట్టిగా పట్టుకునే నడిచారు.

టైమ్‌టేబుల్ గారు ఆఖరి వరసలో కూర్చుని అంతా విన్నారు. మర్నాడు ఎప్పుడూ లేనిది ఆలస్యంగా వచ్చి, నా కార్డులన్నీ తీసుకుని, మీరు పనిచేసే ప్లాట్‌ఫాం ఏదని అడిగారు. నేను చెప్పలేదు. కానీ కనుక్కోవడం వాళ్లకెంత సేపు?

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. అత్తయ్యని మాత్రం ఏమీ అనకండి. పెరటిలో ఆ కుర్చీలో కూర్చుని పడవ కూత కోసం వింటున్నారు.

మీ ఇల్లాలు

* * *

ప్రియమైన అమ్మకు, ప్రశ్నలమ్మకు, టైలరు గారికి, ప్రెసిడెంటు గారికి, కరకట్ట వీధిలో వింటున్నవారందరికీ,

నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. మేనేజరు ఎప్పుడూ లేనిది కూర్చోమన్నారు. అప్పుడే అర్థమైంది. టైపు చేసిన ఒక కాగితం నా ముందు పెట్టారు. ఇక్కడ జరుగుతున్నది మామూలు మరమ్మతేనని అందులో ఉంది. సముద్రం పెరగడానికీ దీనికీ సంబంధం లేదని ఉంది. మా అమ్మకి వయసు మీదపడి మతి నిలకడ లేక, ఏదో విని ఏదో చెప్పిందని ఉంది. కింద నా సంతకానికి గీత. సంతకం పెడితే పర్మనెంటు. "పెద్దవాళ్లు కదా, ఎవరూ తప్పుగా అనుకోరు" అని ఆయన చాలా మెత్తగా చెప్పారు.

నేను ధైర్యవంతుణ్ణి కాను. నా ఉత్తరాలు చదివే ఆవిడకి ఆ సంగతి బాగా తెలుసు. మరమ్మతు వరకే ఉంటే సంతకం పెట్టేసేవాణ్ణేమో, అబద్ధం ఎందుకు? అమ్మ దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. మా అమ్మకి పొర పట్టింది కళ్లకి. చెవులకి కాదు, బుర్రకి అసలే కాదు. ఆవిడ విన్నది నేను రాసిందే. నేను రాసింది మా ఇంజనీరు చెప్పిందే. ఆ మాటే ఆయనతో అన్నాను. పెన్ను తిరిగి ఇచ్చేశాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుంటే క్రేను తాత నీళ్లు తెచ్చిచ్చాడు.

ఉద్యోగం పోయింది. మెరక మీద ఇల్లు కూడా పోయినట్టే, ఇంకా చూడనైనా లేదు. మనకి కట్ట ఎత్తు ఎంతుంటే ఏం అని మా ఆవిడకి రాసినవాణ్ణి నేనే. ఆ మాట వీధి మొత్తం వినాలి. నేను కూడా పెరడు ఇవ్వనివాణ్ణే, కాకపోతే దూరం నుంచి.

ఇప్పుడు నా నోటితో చెబుతున్నాను. ఈ మేడ కాళ్లు పొడిగించినవాళ్లలో నేనొకణ్ణి. సముద్రం పెరుగుతోందనే పొడిగించాం. ఇక్కడ ఎవరూ దాన్ని అనుమానించలేదు, ఏకాభిప్రాయం కోసం ఆగలేదు. ఆఖరి కాలు అతికించాక మొన్న పెద్ద అల వచ్చింది. డెక్కు కింద నుంచి వెళ్లిపోయింది, పైన ఒక్క చుక్క పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మా వంటింటి గోడ గుర్తొచ్చి చేతులు ఆడలేదు. ఎవరి ఇల్లూ లేని చోటుని పొడిగా ఉంచడానికి నా సెలవులన్నీ ఖర్చుపెట్టాను.

ఈ ఉత్తరం ఇవాళ్టి పడవలో వస్తుంది. నేను సామాను అప్పగించి తర్వాతి పడవలో వస్తాను. నాకోసం ఆగకండి, పెద్ద పోటు రోజులు దగ్గరపడ్డాయి. టైలరు గారూ, మీ నిమ్మచెట్టు మా ముందరి వాకిట్లో నాటుకుందురుగాని, గొయ్యి నేను తవ్వుతాను.

ప్రశ్నలమ్మా, సంఘాన్ని కూర్చోబెట్టి ఇది మొదటినుంచి చివరిదాకా చదువు. కార్డు చదివినట్టు చదవకు. తడబడితే తడబడు, ఏడుపొస్తే ఏడువు. ఒక్క ముక్క కూడా దాటెయ్యకు. ఈసారి రెండో కాగితం లేదు.

అమ్మ కొడుకు, నీ ఏమండీ